వేదవిద్యార్థికి వారము పెట్టువా రెవరు?

ప్రతి సంవత్సరము పరీక్షలు ముగియు దినములలో మన పై తరగతి బాలబాలికలను, ఇక మీద నేమి చదువదలచితిరని పెద్దలడుగుట వాడుక. ఇంజనీరింగనువారు కొందఱు, వైద్యమనువారు కొందఱు, కంప్యూటరు విద్యయని, బ్యాంకు పరీక్షలని చెప్పువారు మఱికొందఱు. ఎప్పుడైన నొకడు, సాధారణముగా వెనుక బల్లపై కూర్చుండు నెమ్మదియైన పిల్లవాడు, తాను వేదాంత కళాశాలకు పోయెదనని చెప్పును. అప్పుడు జరుగునది మేము పలుమాఱులు చూచియున్నాము. ఉపాధ్యాయులు సంతోషింతురు. తోటివారు నవ్వుదురు. తల్లి కన్నులు తుడుచుకొనును. అది యానందమో దిగులో చెప్పుట కష్టము. తండ్రి మాత్ర మొక్క ప్రశ్న వేయును: ఖర్చెవరు పెట్టుకొందురు?

ఈ సంచికలో మేము వ్రాయదలచినది ఆ తండ్రి ప్రశ్నను గుఱించియే. అది అవిశ్వాసపు ప్రశ్నయని కొందఱు పెద్దలు గద్దించుట విన్నాము. మా యభిప్రాయములో నది గృహస్థుడు తప్పక యడుగవలసిన ప్రశ్న. దానికి సంఘము ఉత్తర మీయవలసి యున్నది. ఇంతవఱకు ఇచ్చిన యుత్తరము చాలదు.

మొదట ఈ చదువెట్టిదో తెలిసికొందము. బైబిలు చేతపట్టుకొని కొన్నాళ్ళు ప్రార్థనలు చేసి వచ్చుటయే వేదవిద్య యని తలచువారు మన తల్లిదండ్రులలో ననేకులు గలరు. వా రొకమాఱు ఆ విద్యార్థి బల్లమీది పుస్తకములను చూడవలెను. హెబ్రీ వ్యాకరణ మొకటి, గ్రీకు వ్యాకరణ మొకటి, పాతనిబంధన వ్యాఖ్యానములు, క్రొత్తనిబంధన వ్యాఖ్యానములు, రెండువేల యేండ్ల సంఘచరిత్ర, హిందూ ధర్మము, ఇస్లాము మొదలగు మతముల పరిచయము, నీతిశాస్త్రము, సమాజశాస్త్రము, ప్రసంగము చేయు విధము, దుఃఖితుల నోదార్చు విధము. ఉర్దూ చదివిన మన హైదరాబాదు పిల్లవానికి కుడినుండి యెడమకు చదువుట వింతగాదు గనుక హెబ్రీలో వానికి కొంచెము లాభము కలదు. తక్కిన విషయములలో నందఱితోపాటు కష్టపడవలసినదే. పాఠ్యపుస్తకములలో నధికభాగ మింగ్లీషున నుండును. తెలుగులో పదవ తరగతి వఱకు చదివి వచ్చిన పల్లె విద్యార్థి మొదటి సంవత్సరమున నిఘంటువు తోడనే నిద్రించును. నాలుగైదేండ్లు ఇట్లు శ్రమించినగాని బి. డి. పట్టము చేతికి రాదు.

ఈ పట్టమునకు చరిత్ర కలదు. శ్రీరాంపూరు కళాశాలను 1818లో కేరీ, మార్ష్‌మన్, వార్డు అను మువ్వురు స్థాపించిరి. ఆ పట్టణమప్పుడు డేనిషువారి యేలుబడిలో నుండెను గనుక 1827లో డెన్మార్కు రాజు ఆ కళాశాలకు పట్టములిచ్చు నధికారము నొసగెను. 1918లో బంగాళమున చేయబడిన చట్టముచేత నది స్థిరపడినది. మన తెలుగునాట రామాపట్టణమున అమెరికను బాప్తిస్టు వారును, సామర్లకోటలో 1882లో కెనడా బాప్తిస్టు మిషనరీ మక్లారిన్ గారును, రాజమహేంద్రవరమున లూథరను వారును, దోర్నకల్లులో నాంగ్లికను వారును వేర్వేఱుగా వేదపాఠశాలలు నడపిరి. ఒక్కొక్క మిషను తన పిల్లలను తన గోడలలోపలనే పెంచుకొనెను. 1964లో పలు సంఘములు కలిసి రాజమహేంద్రవరమున ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలను స్థాపించి, 1973లో దానిని హైదరాబాదునకు మార్చిరి. ట్యాంకుబండు దిగువ, గాంధీనగరమున నది నేటికిని నడచుచున్నది. బాప్తిస్టు పిల్లవాడును లూథరను పిల్లవాడును ఒకే పంక్తిని భుజించుట మన తాతల కాలమున నూహింపరాని సంగతి. సంఘైక్యమును గుఱించి మహాసభలలో చేయబడిన తీర్మానములకంటె ఆ భోజనశాల యెక్కువ పని చేసినదని మా నమ్మకము.

ఇక విద్యార్థి చేయు పరిచర్య. కళాశాల గదులలో బోధకుడు సగమే తయారగును. తక్కిన సగము వీథులలో తయారగును. అట్టి వీథులు కావలెనన్న మన అఫ్జల్‌గంజ్‌ను మించినవి దొరకవు. జిల్లాలనుండి వచ్చు విద్యార్థి బస్సు దిగునది ఇమ్లీబన్‌లోనే. వాడు తన పెట్టె నెత్తిన పెట్టుకొని వంతెన దాటి యివతలకు వచ్చినచో వానికి కనబడునది పట్టణములోని సగము లోకము. ఐదవ నిజామగు అఫ్జలుద్దౌలా (1857–1869) పేరిట వెలసిన ధాన్యపుగంజ్ ఇది. ఒకప్రక్క మసీదు, ఒకప్రక్క గ్రంథాలయము, ఒకప్రక్క ఆసుపత్రి, నడుమ తాళ్ళు, కాగితములు, సరకులు అమ్ము దుకాణములు. బండిలాగు కూలీ తెలుగు మాటాడును, సేఠుగారు మార్వాడీ మాటాడును, బేరము మాత్రము దక్కనీలో జరుగును. ఈ మూడు భాషలలో నొక్కటియే వచ్చిన బోధకునికి ఈ పట్టణములో మూడవవంతు మనుష్యులే వినబడుదురు.

ఆ గ్రంథాలయమును గుఱించి యొక మాట. 1891లో ఆసఫియా గ్రంథాలయముగా పుట్టి, 1936లో మూసీయొడ్డున ప్రస్తుత భవనమునకు వచ్చి, పిమ్మట రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైనది. పుస్తకములు కొనలేని విద్యార్థికి అది పెద్ద యాదరువు. ఇస్లామును గుఱించి, మన దేశచరిత్రను గుఱించి తెలిసికొనగోరువాడు తన మతమువారు వ్రాసిన చిన్న పుస్తకములతో తృప్తిపడక అక్కడ కూర్చుండి చదువవలెను. పొరుగువాని విశ్వాసమును వాని నోటనే వినవలెను గాని మన వ్యాఖ్యానములో వినరాదు.

ఆసుపత్రి సంగతి వేఱు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి యీ ప్రాంతమునంతయు ముంచివేసినప్పుడు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకొనిపోయెను. ఆవరణలోని చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది వఱకు ప్రాణములు దక్కించుకొనిరని ఆ చెట్టును చూపి పట్టణవాసులు నేటికిని చెప్పుకొందురు. దాని స్థానమున వెలసినదే ఉస్మానియా ఆసుపత్రి. విన్సెంటు ఎష్ గారు రూపించిన ఆ మహాభవనము 1925 నాటికి పూర్తియైనది. 2020 జూలైలో వర్షపునీరు చొచ్చిన పిమ్మట పాత భవనమునందలి రోగులను ప్రక్క భవనములకు మార్చిరి. 2025 జనవరిలో గోషామహలున నూతన భవనములకు శంకుస్థాపన జరిగినది. భవన మెక్కడ నున్నను బీదరోగి యచ్చటికే పోవును. వానితో వచ్చిన భార్యయో తల్లియో వాకిటనో మెట్లమీదనో చాప పఱచుకొని దినములు గడపును. ఏ చీటి యెక్కడ చూపవలెనో ఆమెకు తెలియదు. బల్లలమీద వ్రాసిన మాటలు చదువలేదు. నగరములో నామె నెఱిగినవాడు లేడు.

వేదవిద్యార్థి అక్కడ ఏమి చేయవలెను? కరపత్రములు పంచవలెనని కొందఱందురు. మేము దీని నంగీకరింపము. మంచముమీద నున్న రోగి లేచి పోలేడు. లేచి పోలేనివాని యెదుట నిలిచి ప్రసంగించుట ధైర్యము కాదు. ఆసుపత్రివారి యనుమతితో పోయి, చీటి చదివిపెట్టి, మందుల దుకాణము చూపి, సీసాలో నీళ్ళు తెచ్చియిచ్చి, అడిగినయెడల ప్రార్థించి, అడుగనియెడల ఊరక కూర్చుండుట విద్యార్థి నేర్చుకొనవలసిన పని. ఊరక కూర్చుండుట అన్నిటిలో కష్టమైనది. అమెరికాలో ఆంటను బోయిసెను అను బోధకుడు 1925లో మసాచుసెట్సులోని ఊస్టరు మానసిక చికిత్సాలయమునకు వేదాంత విద్యార్థులను పిలిపించుకొని, రోగులను సజీవ గ్రంథములవలె చదువవలెనని వారికి నేర్పెను. వైద్యవిద్యార్థి రోగి ప్రక్కను నిలువక వైద్యుడు కానట్లే వేదవిద్యార్థియు దుఃఖితుని ప్రక్కను కూర్చుండక బోధకుడు కానేరడని ఆయన మతము. ఆ పద్ధతి నేడు లోకమంతట వ్యాపించినది. మన విద్యార్థికి ఊస్టరు పోవలసిన పని లేదు. సిటీబస్సులో కొన్ని స్టేజీల దూరము చాలును.

అయితే ఆ బస్సు టిక్కెట్టు కెవరిత్తురు? ఇచ్చటనే తండ్రి ప్రశ్న మరల వచ్చును.

మన తెలుగుదేశములో బీదవిద్యార్థి చదువునకు పూర్వమొక యేర్పాటుండెను. దానికి వారములు చేసికొనుట యని పేరు. ఆదివారమొక యింట, సోమవార మొక యింట, ఇట్లు ఏడిండ్లలో వంతులవారీగా భోజనముచేసి చదువుకొనువాడు. ఏ యింటికిని భారము లేదు. విద్యార్థికి పస్తు లేదు. జోలె పట్టి యింటింట నన్నమెత్తుకొనుటకు మధూకరమని పేరు. తుమ్మెద పువ్వును నొప్పింపక తేనె గొన్నట్లన్నమాట. ఈ యాచార మొక్క మనకే గాదు. లూథరు బాలుడై ఐసెనాకు పట్టణమున చదువు దినములలో ఇండ్ల వాకిళ్ళ నిలిచి కీర్తనలు పాడి రొట్టె సంపాదించుకొనెను. కోట్టా వంశపు ఇల్లాలొకతె వానిని తన యింటికి పిలిచి యన్నము పెట్టినదని చెప్పుదురు.

కాని మన వారముల యేర్పాటును తలంచి మురియుటకు ముందు ఒక సంగతి దాచక చెప్పవలెను. ఆ వారము అందఱికిని దొరకలేదు. కులము చూచియే వాకిలి తెఱచిరి. నేడు మన సంఘములలో కూర్చుండు వారిలో ననేకుల తాతముత్తాతలకు ఆ వాకిలి ఏనాడును తెఱవబడలేదు. పంక్తి భోజనము మాట యటుండగా బడి యరుగు కూడ వారికి దూరమే. వారికి వారము పెట్టినది మిషను బోర్డింగు. ఏ ఊరివారో, ఏ దేశమువారో చందాలు కూర్చి పంపగా, ఆ గంజియు ఆ సంగటియు త్రాగి తిని మనవా రక్షరములు నేర్చిరి, ఉపాధ్యాయులైరి, నర్సులైరి, ఉద్యోగస్థులైరి. అట్లు తిన్నవారి మనుమలమైన మనము నేడు ఒక వేదవిద్యార్థికి వారము పెట్టుటకు వెనుకాడుచున్నాము. ఇది మాకు వింతగా తోచును.

వెనుకాడుటకు కారణము అలవాటు. ఒక తరమువఱకు ఖర్చంతయు దొరలు చూచుకొనిరి. తరువాత, విద్యార్థులే తమ ఫొటో నొకదానిని జతపఱచి, తమ గుడిసెను, తమ రోగములను, చనిపోయిన తండ్రిని వర్ణించి, ఎన్నడు నెఱుగని పరదేశస్థులకు జాబులు వ్రాయ నేర్చిరి. వ్రాయుటలో తప్పులేదు, అవసరము మనుష్యునిచేత వ్రాయించును. కాని సువార్త చెప్పబోవు యువకునికి మొదట నలవడిన రచన తన దారిద్ర్య వర్ణన మగుట మా మనస్సును నొప్పించును. అట్టి జాబులు వ్రాసి వ్రాసి, తన దుఃఖమును కొంచెము పెంచి చెప్పుట యొక విద్యయై కూర్చుండును. పరదేశపు ధనమునకు దారియు నేడు ఇఱుకైనది. 2010 నాటి విదేశీ విరాళముల చట్టమును, 2020లో దానికి చేసిన సవరణను అనుసరించి, నమోదైన సంస్థలు మాత్రమే, అదియు ఢిల్లీలోని స్టేటుబ్యాంకు ముఖ్యశాఖ ఖాతా ద్వారా మాత్రమే, ఆ ధనమును పుచ్చుకొనవలెను. ఆ చట్టపు మంచిచెడ్డలు వేఱు చర్చ. దాని మూలమున మనము చాలకాలము తప్పించుకొని తిరిగిన ప్రశ్న మన వాకిటికి వచ్చి నిలిచినదని మాత్రము చెప్పుచున్నాము.

ధనవంతుడైన యొక పెద్దమనిషి తానొక్కడే విద్యార్థి ఖర్చంతయు భరించుట మంచిదికాదా యని యడుగవచ్చును. ఆయన దాతృత్వమునకు నమస్కారము. అయినను మాకు భయము కలదు. ఒకరి యుప్పు తిని చదివిన బోధకుడు ఆ యొకరి తప్పును వేదికమీదినుండి చెప్పగలడా? ఆయన కుమారుని వివాహములో కట్నము పుచ్చుకొన్నప్పుడు, కూలివాండ్ర జీతము నిలుపుకొన్నప్పుడు, బోధకుని నాలుక తడబడును. అప్పుచేసి చదివినవాని గతియు నిట్టిదే: ఇంజనీరు తన యప్పు జీతములో తీర్చుకొనును, పల్లె పాస్టరు జీతము వడ్డీకైనను చాలదు. మతబోధకుని చదువు కొఱకు లౌకికరాజ్యపు ఖజానావైపు చూచుటయు న్యాయము కాదు. కాగా మిగిలిన దేమి? నూఱిండ్లవారు కొంచెము కొంచెముగా పెట్టిన యన్నము తిన్నవాడు నూఱిండ్లకును సేవకుడగును. ఏ యొక్క యింటికిని బానిస కాడు.

ఈ మాట మా కల్పన గాదు. దోర్నకల్లు బిషప్పు అజరయ్యగారు దీనిని చేసి చూపిరి. ఆయన తమిళుడు. 1903లో తిరునెల్వేలిలో ఇండియను మిషనరీ సంఘమును, 1905 క్రిస్మసు దినమున శ్రీరాంపూరులో జాతీయ మిషనరీ సంఘమును స్థాపించినవారిలో నొకడు. ఆ రెండింటికిని మూలసూత్రమేమనగా, మనుష్యులు మనవారు, ధనము మనది, నిర్వాహము మనది. మన తెలుగు పల్లెలకు వచ్చి, తెలుగు నేర్చి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా నభిషేకము పొంది, 1945 జనవరి 1న కన్నుమూయువఱకు ఇక్కడనే శ్రమించెను. ఆయన మేత్రాసనములోని వారిలో నధికులు కూలినాలి చేసికొని బ్రతుకువారు. వారిని చూచి, వీరు బీదలు, వీరిని కానుక లడుగరాదు అని ఆయన యనలేదు. అట్లనుటయే వారిని తక్కువ చేయుట యని తలచెను. స్త్రీలు పొయ్యిమీద నెసరు పెట్టి బియ్యము పోయుటకు ముందు పిడికెడు బియ్యము తీసి వేఱొక కుండలో వేసి ఆదివారమున గుడికి తెచ్చిరి. కోతల పండుగకు ధాన్యము, కోళ్ళు, మేకలు వచ్చెను. క్రైస్తవుల దానమును గుఱించి ఆయన 1939లో నొక పుస్తకమే ప్రకటించెను. ఆ సంవత్సరము జనవరి 6వ తేదీననే దోర్నకల్లు కతీడ్రలు ప్రతిష్ఠింపబడెను. అక్కడి వేదపాఠశాలలో ఇంకొక సంగతి మెచ్చదగినది: ఉపదేశకుల భార్యలకును తరగతులు జరిగినవి. భర్త చదువునకు మాత్రము చందా యిచ్చి భార్యను పస్తుంచు నేటి పద్ధతికంటె నది యెంత మేలు!

మిజో కొండలలోను 1910నుండి క్రైస్తవ స్త్రీలు ఇట్లే పిడికెడు బియ్యము తీయుచున్నారు. ఒక చిన్న జాతి వంటయింటినుండి లెక్కలేనన్ని మంది సువార్తికులను పోషించుచున్నది. మన తల్లులు లెక్కలు నమ్ముదురు గనుక మేమొక లెక్క చేసితిమి. పిడికిలితో తీసిన బియ్యము తూచి చూడగా ఇంచుమించు 50 గ్రాములు తూగినవి. దినమునకు రెండుపూటలకు 100 గ్రాములు. నెలకు 3 కిలోలు. యువకునికి దినమునకు అరకిలో బియ్యము చాలును. నెలకు 15 కిలోలు. అనగా ఐదిండ్ల పిడికిళ్ళు ఒక విద్యార్థి కడుపు నింపును. కూరకు, పుస్తకములకు, రుసుములకు, బస్సుకు వేఱుగా కావలెను, నిజమే. కాని అన్నము దొరకిన పిమ్మట తక్కినవి అంత భయపెట్టవు. పాతనిబంధనలో షూనేమీయురాలు ఎలీషా కొఱకు మేడగది కట్టించి అందులో మంచము, బల్ల, పీట, దీపస్తంభము ఉంచినది. విద్యార్థి వసతిగృహమునకు ఇంతకంటె సరియైన సామానుల పట్టిక ఎవరును వ్రాయలేదు.

పౌలు డేరాలు కుట్టి బ్రతికెను గదా, వీరెందుకు పనిచేయరాదని కొందఱి వాదము. పనిచేయవచ్చును, సెలవులలో పలువురు చేయుచునే యున్నారు. పౌలు డేరాలు కుట్టినమాట నిజము, ఫిలిప్పీయులు ఎపఫ్రొదితు చేత పంపిన కానుకలు పుచ్చుకొని కృతజ్ఞతతో జాబు వ్రాసినమాటయు నిజము. అందఱు నుదాహరించు కేరీ సంగతి వినుడు. ఆయన యింగ్లండులో చెప్పులు కుట్టుచు, ఆ బల్లమీదనే లాటిను, గ్రీకు, హెబ్రీ నేర్చెను. ఆయనకు పని యిచ్చువాడు కెట్టరింగు ఊరి జోళ్ళ వర్తకుడు థామసు గాచ్. ఈ యువకుని చదువును చూచి గాచ్ గారు, ఇకమీద నా తోలు పాడుచేయక చదువుకొమ్మని వేళాకోళముగా చెప్పి, వారమునకు పది షిల్లింగులు తన సంపాదనలోనుండి యిచ్చెనని కేరీ చరిత్రకారులు వ్రాసిరి. ఆ పది షిల్లింగులు లేనిచో శ్రీరాంపూరు కళాశాల యుండునో లేదో! గాచ్ గారు మిషనరీ కాడు, పండితుడు కాడు. లెక్కలు తెలిసిన వ్యాపారి. మన సంఘములలోను దుకాణదారులు గలరు.

మోసగాండ్రున్నారను నాక్షేపమునకు మేము పెడచెవి పెట్టము. పరిచర్య పేరు చెప్పి చందాలు వసూలుచేసి లెక్క చూపనివారు కలరు. వారిని చూచి విసిగినవారు ఏమియు నీయకుండుటయు సహజము. దీనికి మందు, ధనము విద్యార్థి చేతికిగాని మధ్యవర్తి చేతికిగాని యీయక కళాశాల కార్యాలయములో రశీదు పుచ్చుకొని కట్టుట. విద్యార్థిని సంఘమే యెఱిగి యెన్నుకొనుట. వాడు సంవత్సరమున కొకమాఱు వచ్చి తాను చదివినదియు చేసినదియు సంఘము నెదుట చెప్పుట. జమాఖర్చు గుడి గోడకు అంటించుట. పరీక్షలో తప్పినవానిని తప్పినాడని చెప్పుట కూడ నిందులోనిదే. వేఱొక చదువున సీటు దొరకనివానిని వేదాంతమునకు పంపు దురాచారము మనలో కలదు. గుఱ్ఱపు పందెమునకు పనికిరాని గుఱ్ఱమును గుడికి దానమిచ్చినట్లున్నది. మన ఉపాధ్యాయులు చక్కని తెలివిగల పిల్లలకే ఈ మార్గమును చూపవలెను.

పిల్లలన్నప్పుడు బాలికలును అందులో చేరుదురు. దక్షిణ ఇండియా సంఘములో మొదటి స్త్రీ బిషప్పు, ఇ. పుష్పలలిత గారు, 2013లో మన నంద్యాల అధ్యక్ష మండలమునకే నియమింపబడిరి. తెలుగు స్త్రీ ఆ పీఠమునకు చేరిన పిమ్మటను, వేదాంతము చదువగోరిన బాలికకు చందా యడిగినచో పెండ్లి ఖర్చుకు దాచుకొనుడని యుత్తరము చెప్పు సంఘస్థులు గలరు. ఆసుపత్రి మెట్లమీద చాప పఱచుకొనిన తల్లి తన మనస్సులోని మాట యువకునికంటె యువతికే త్వరగా చెప్పుకొనునని వేఱుగా చెప్పవలయునా?

ఈ యాలోచనలను మా పాఠశాల ఉపాధ్యాయులతోను, పూర్వవిద్యార్థులు కొందఱితోను ప్రస్తావించితిమి. తగిన రీతిని ఆరంభింపుడని వారి సమ్మతి దొరకినది. వేదాంత కళాశాల జూనులో తెఱచును. ఆలోపల మన పాఠశాలనుండి పోయిన విద్యార్థి యొకనికైనను, విద్యార్థిని యొకతెకైనను ఏడిండ్ల పేర్లు సిద్ధముగా నుండవలెనని మా కోరిక. బియ్యము ఈయదలచినవారు శనివారము సాయంకాలము పంపవచ్చును. బియ్యమునకు బదులు రూపాయలిచ్చువారికి రశీదు ఈయబడును. చదివి ముగించిన వ్యాఖ్యానములు, నిఘంటువులు ఇండ్లలో నున్నవారు పాత కాగితముల వర్తకునికి తూచియీయక మాకు పంపుదురు గాక. డబ్బా యొకటి ఈ సంచిక వెలువడిన దినమునుండి కార్యాలయపు వాకిట నుండును. దానికి రెండు తాళములు. ఒక తాళపుచెవి ప్రధానోపాధ్యాయుల యొద్దను, రెండవది తల్లిదండ్రులలో నెన్నికైన యొకరి యొద్దను ఉండును.